ఒకటో నంబరు బండి

ఇంగ్లండులో సోలిహల్ ఊరు. 1969 నవంబరు నెలాఖరు. రోవర్ కంపెనీలో పనివాళ్లు ఒక బండిని చేత్తో కూర్చుతున్నారు. వరసగా బళ్లు దిగే లైను ఇంకా మొదలు కాలేదు కాబట్టి ప్రతి బోల్టూ ఎవరో ఒకరు నిలబడి సరిచూసి బిగించాల్సిందే. ముందు ఉక్కు ఛాసిస్. దాని నాలుగు మూలలా కాయిల్ స్ప్రింగులు. కొండా గుట్టా ఎక్కే బండి అంటే ఆ రోజుల్లో లారీకి ఉన్నట్టు కమాన్ కట్టలే. కూర్చున్నవాళ్ల నడుము సంగతి ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. ఈ బండి ఆ పద్ధతిని పక్కన పెట్టింది. నాలుగు చక్రాలకూ డిస్క్ బ్రేకులు. ఇంజిన్ శక్తి ఎప్పుడూ నాలుగు చక్రాలకూ అందుతుంది. లోపల ఉక్కు అస్థిపంజరం, పైన చాలాచోట్ల అల్యూమినియం రేకు. తలుపులు రెండే.

డిసెంబరు మూడో వారానికి బండి పూర్తయింది. ఒంటికి ఆలివ్ ఆకుపచ్చ రంగు. ఛాసిస్ మీద చెక్కిన సంఖ్య 355-00001ఏ. ప్రపంచంలో మొదటి రేంజ్ రోవర్ అదే.

ఇది ఆ బండి కథ. అది ఎలా పుట్టింది, ఎలా మాయమైంది, ఎలా తిరిగొచ్చింది అన్న కథ. మాయమవడానికి కారణం ఎవరి నిర్లక్ష్యమో కాదు. దాన్ని కొన్నవాళ్లు బాగా చూసుకున్నారు. వాళ్లు చేసిన ప్రతి మంచి పనితోనూ అది మరికాస్త మరుగున పడింది. ఈ గాథలో నన్ను కట్టిపడేసిన సంగతి అదే.

ఆ ఛాసిస్ మీద కూర్చోబెట్టిన ఇంజిన్‌కు అప్పటికే ఒక గతం ఉంది. రోవర్ మేనేజింగ్ డైరెక్టర్ విలియం మార్టిన్‌హర్స్ట్ 1960ల మొదట్లో అమెరికా వెళ్లాడు. విస్కాన్సిన్ రాష్ట్రంలో పడవ మోటార్లు తయారుచేసే మెర్క్యురీ మెరైన్ కంపెనీకి తమ ఇంజిన్లు అమ్మాలన్నది ఆయన ఉద్దేశం. అమ్మడానికి వెళ్లిన మనిషి, అక్కడి వర్క్‌షాప్‌లో నేల మీద పెట్టి ఉన్న ఒక ఎనిమిది సిలిండర్ల ఇంజిన్ దగ్గర ఆగిపోయాడు. ఏమిటిదని అడిగాడు. బ్యూయిక్ కారులోదన్నారు. మొత్తం అల్యూమినియం. సైజుకు తగ్గ బరువు లేదు. ఎనిమిది సిలిండర్లున్నా, రోవర్ వాళ్ల నాలుగు సిలిండర్ల ఇంజిన్ కంటే పెద్ద బరువేమీ కాదు. విచారిస్తే ఇంకో విషయం తెలిసింది. బ్యూయిక్ దాన్ని ఆపేసింది. అల్యూమినియం పోత పోయడంలో చిక్కులెక్కువ, ఖర్చు ఎక్కువ. అమెరికాలో ఇనుప ఇంజిన్ చవకగా వస్తుంటే దీనితో తంటాలెందుకని వదిలేసింది.

అమెరికా వాళ్లు ఇచ్చేస్తారా అన్న అనుమానంతో మొదలైన బేరం 1965 నాటికి తెగింది. హక్కులు, డ్రాయింగులు రోవర్ చేతికొచ్చాయి. రిటైర్మెంటు దగ్గరపడిన బ్యూయిక్ ఇంజినీరు జో టర్లే ఇంగ్లండు వచ్చి, ఆ ఇంజిన్ లోగుట్లన్నీ రోవర్ వాళ్లకు దగ్గరుండి నేర్పాడు. 3,528 సీసీ, 135 హార్స్‌పవర్. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు బ్రిటన్‌లో రకరకాల బళ్లను లాగిన ఇంజిన్ ఇది.

ఇంజిన్ దొరికింది. దాన్ని ఎందులో పెట్టాలన్నది రోవర్ ఇంజినీరు స్పెన్ కింగ్‌కు తట్టిన ఆలోచన. రోవర్ వాళ్ల ల్యాండ్ రోవర్ అప్పటికే రైతుల బండిగా, సైన్యం బండిగా ప్రపంచమంతా తిరుగుతోంది. కానీ దూరప్రయాణానికి అది శిక్ష. పొలంలో నడవాలి, హైవే మీద కారులా పరుగెత్తాలి, అది ఒకే బండి అయి ఉండాలి. గోర్డన్ బాష్‌ఫోర్డ్‌తో కలిసి కింగ్ 1966లో ఆ పనికి కూర్చున్నాడు. ఇద్దరూ ఇంజినీర్లే. తలుపు ఎక్కడ, కిటికీ ఎంత, డ్రైవరుకు బానెట్ రెండు మూలలూ కనపడాలంటే ఏం చేయాలి, ఇవే వాళ్ల లెక్కలు. అందం సంగతి వాళ్లు పెద్దగా తలకెక్కించుకోలేదు. రోవర్ డిజైనర్ డేవిడ్ బాష్ ఆ రూపాన్ని చెరపలేదు, గీతలు మాత్రం సరిదిద్దాడు. చేయి పెట్టాల్సిన చోట పెట్టి, వద్దన్న చోట ఆపుకోవడం డిజైనరుకు తేలిక కాదు. పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియం 1971లో ఈ బండిని పారిశ్రామిక రూపకల్పనకు మేలిమి నమూనాగా ప్రదర్శనకు పెట్టిందంటే, ఆ ఘనతలో ఇంజినీర్ల వాటా, బాష్ వాటా విడదీయడం కష్టం.

1970 జనవరి 2న బండి రిజిస్ట్రేషన్ అయింది. నంబరు వైవీబీ 151హెచ్. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. వీబీ అక్షరాలు లండన్‌కు దక్షిణాన ఉన్న క్రాయ్‌డన్‌వి, సోలిహల్ వైపువి కావు. రోడ్డు మీద చూసినవాడికి ఇది రోవర్ వాళ్ల కొత్త బండేమో అన్న అనుమానం రాకూడదు. ఆ తొలి విడత బళ్లన్నిటికీ వెలార్ అనే మారుపేరు పెట్టి తిప్పారు. ప్రాజెక్టు ఇంజినీరు జెఫ్ మిల్లర్ బృందం వాటిని గుంతల్లో, బురదలో, ఎడారిలో పరీక్షించి, ఎక్కడ ఏది విరుగుతుందో రాసుకుంది.

1970 జూన్‌లో కార్న్‌వాల్ సముద్రతీరంలో పత్రికలవాళ్లకు బండి చూపించారు. ధర 1,998 పౌండ్లు, పన్నుతో కలిపి. అమ్మకాలు మొదలయ్యాక ఎంతమంది అడిగితే అన్ని బళ్లు తయారుచేసి ఇవ్వడం కంపెనీ వల్ల కాలేదు. కొన్నవాడు వెంటనే తిరిగి అమ్మినా షోరూం ధర కంటే ఎక్కువే పలికిన రోజులున్నాయి.

రేంజ్ రోవర్ అనగానే ఇవాళ మన కళ్లముందు మెదిలేది తోలు సీట్లు, చెక్క పలకలు, జూబ్లీహిల్స్ గేటులోంచి మెల్లగా బయటికొచ్చే నల్లటి పెద్ద బండి. 1970లో పుట్టినది అది కాదు. సీట్లకు వినైల్. కింద కార్పెట్ లేదు. పొలం నుంచి బురద కాళ్లతో ఎక్కినా, సాయంత్రం నీళ్ల పైపు పెట్టి లోపలంతా కడిగేసుకోవచ్చని కంపెనీయే చెప్పుకుంది. పవర్ స్టీరింగ్ లేదు. నిలబెట్టిన బండి చక్రాలు తిప్పాలంటే భుజబలం కావాలి. గేర్‌బాక్స్ రొద చేస్తుంది. లీటరు పెట్రోలుకు ఐదు కిలోమీటర్లు వస్తే గొప్ప. అయినా గంటకు దాదాపు 150 కిలోమీటర్ల వేగంతో పోయే ఆ బండే, దుక్కి దున్నిన చేలోకి దిగితే ఆగకుండా అవతలి గట్టెక్కేది. దాని విలాసమల్లా అదే: ఎక్కడికైనా వెళ్లొచ్చు, వెళ్లాక ఒళ్లు హూనం కాదు.

ఇక ఒకటో నంబరు దగ్గరికి వద్దాం. మొదటి బండి కదా, కంపెనీ దాన్ని అద్దాల గదిలో పెట్టి ఉంటుందని మనం అనుకుంటాం. పెట్టలేదు. పరీక్షల కోసం చేసిన బండికి కంపెనీ లెక్కల్లో పని అయిపోయింది, అమ్మేశారు. 1971 ఏప్రిల్‌లో దాన్ని కొన్నది రేంజ్ రోవర్ గురించి కంపెనీకి ప్రచార చిత్రాలు తీసి పెట్టిన ఒక దర్శకుడు. బండి విలువ తెలిసిన మనిషి. అందుకే దాన్ని కొత్తగా ఉంచాలనుకున్నాడు. అప్పటికి షోరూంలలో దిగుతున్న బళ్లు చిన్నచిన్న విషయాల్లో దీనికంటే మెరుగు. వాటి డ్యాష్‌బోర్డు వేరు, సీట్లు వేరు. ఒకటో నంబరుకూ వాటి తరహా డ్యాష్‌బోర్డు వచ్చింది. ఆలివ్ ఆకుపచ్చ మీద బహామా గోల్డ్ అనే బంగారు పసుపు పడింది. ఆనాటి రేంజ్ రోవర్ ప్రకటనల్లో అందరి కంట్లో పడిన రంగు అదే. రోడ్డు మీద చూసినవాళ్లకు అది కొత్త రేంజ్ రోవర్, మొదటి రేంజ్ రోవర్ కాదు.

మా ఊళ్ల పాత గుళ్లలో ఇది చూశాం. ఏ తరం భక్తితో ఆ తరం స్తంభాలకు సున్నం కొడుతుంది. వందేళ్లకు శిల్పం కనపడదు, తెల్లటి గుండ్రటి స్తంభం కనపడుతుంది. కొట్టినవాళ్లలో ఒక్కరూ గుడికి చెడు తలపెట్టినవాళ్లు కారు.

దర్శకుడి తర్వాత బండి చేతులు మారుతూ పోయింది. ఆ దారిలోనే ఎక్కడో పాత నంబరు ప్లేటు కూడా పోయి వేరే నంబరు వచ్చింది. రంగు పోయింది, లోపలి రూపం పోయింది, కాగితాల మీద పేరూ పోయింది. మిగిలింది ఛాసిస్ మీద చెక్కిన ఆ సంఖ్య ఒక్కటే. దాన్ని చూడాలంటే వంగి, మట్టీ గ్రీజూ తుడిచి వెతకాలి. రోజూ పనికి తీసుకెళ్లే బండి కింద దూరి ఎవరు చూస్తారు?

అది అలా అనామకంగా తిరుగుతున్న కాలంలోనే దాని తోబుట్టువులు రెండు లోకప్రసిద్ధి పొందాయి. 1971 డిసెంబరులో మేజర్ జాన్ బ్లాష్‌ఫోర్డ్‌స్నెల్ నాయకత్వంలో బ్రిటిష్ సైనికుల బృందం రెండు రేంజ్ రోవర్లతో అలాస్కా నుంచి దక్షిణ అమెరికా చివరికంటా బయల్దేరింది. దాదాపు 29 వేల కిలోమీటర్ల దారి. ఆ దారిలో పనామా, కొలంబియాల మధ్య రోడ్డు లేదు. డారియెన్ అనే అడవి, దాని వెనక అట్రాటో నది చిత్తడి. సుమారు 400 కిలోమీటర్లు. మన హైదరాబాదు నుంచి కర్నూలు మీదుగా అనంతపురం దాటినంత దూరం. దాన్ని దాటడానికి వాళ్లకు దాదాపు వంద రోజులు పట్టింది.

అడవిలో మనుషులు ముందు నడిచి, కత్తులతో తీగలూ చెట్లూ నరికి దారి చేస్తే బండి వెనకాల వచ్చేది. వాగుల మీద అల్యూమినియం నిచ్చెనలు పరిచి దాటించారు. నదుల మీద గాలి నింపిన తెప్పల మీదికి ఎక్కించారు. బురద కోసమని పెద్ద టైర్లు వేస్తే, వాటి బరువూ పట్టూ తట్టుకోలేక డిఫరెన్షియల్ గేర్లు పగిలిపోయాయి. ఎందుకు పగులుతున్నాయో అడవిలో ఎవరికీ అంతుపట్టలేదు. సోలిహల్ నుంచి జెఫ్ మిల్లర్ విడిభాగాలు పట్టుకుని విమానమెక్కి వచ్చాడు. ఒకటో నంబరును పుట్టించిన బృందంలోని మనిషే దాని తోబుట్టువుల కోసం అడవికి పరుగెత్తాడు. 1972 జూన్‌లో రెండు బళ్లూ ఖండం చివరికి చేరాయి. వాటిలో ఒకటి ఇవాళ గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఉంది.

వాటికి గౌరవం దక్కడంలో తప్పేమీ లేదు. నా బాధల్లా, సాహసం చేసిన బండికి మ్యూజియం దొరికి, అసలు మొదటి బండికి ఎవరో తెలియని యజమాని పెరటి షెడ్డు దొరికిందనే.

ఈలోగా రేంజ్ రోవర్ మారిపోయింది. గల్ఫ్ దేశాల కొనుగోలుదారులు తోలు సీట్లు, ఏసీ, కార్పెట్లు అడిగారు. లండన్‌లో కొన్ని చిన్న కంపెనీలు ఈ బళ్లను కొని లోపలంతా మార్చి అమ్మడమే వ్యాపారంగా పెట్టుకున్నాయి. స్విట్జర్లాండ్‌లో మోంటెవెర్డి నాలుగు తలుపులతో చేసి చూపించాక, 1981లో కంపెనీయే నాలుగు తలుపుల బండి తెచ్చింది. అదే ఏడాది వోగ్ ఫ్యాషన్ పత్రికతో కలిసి చేసిన ప్రచారంతో ‘వోగ్’ పేరు బండికి అతుక్కుని, దశాబ్దాల పాటు వదల్లేదు. మొదటి పారిస్–డకార్ ర్యాలీలో, 1979లో, కార్ల విభాగం గెలిచింది రేంజ్ రోవరే. 1996లో ఆ మొదటి తరం ఆగిపోయేనాటికి 3,17,615 బళ్లు తయారయ్యాయి.

పాత రెండు తలుపుల బళ్ల గతి మాత్రం దారుణంగా ఉండేది. కొత్తవి వచ్చేకొద్దీ వాటి రేటు పడిపోయింది. ఇంజిన్, గేర్‌బాక్స్ పీకి వేరే బళ్లకు వేసుకున్నారు. ఛాసిస్‌ను కత్తిరించి బురద పందేల బళ్లు చేసుకున్నారు. ఒంటిని తుక్కుకు వేశారు. ఒకటో నంబరుకు ఆ గతి పట్టకపోవడం కేవలం అదృష్టం. అప్పటి యజమానుల్లో ఒక్కరు ఒక శనివారం పొద్దున గ్యాస్ కట్టర్ చేతిలోకి తీసుకుని ఉంటే ఇవాళ రాయడానికి ఏమీ మిగిలేది కాదు.

1980ల మధ్యలో అది ఒకటో నంబరు అన్న సంగతి మళ్లీ బయటపడింది. చెప్పినది ఛాసిస్ సంఖ్యే. ఒకటి ముందు సున్నాలున్న ఆ సంఖ్యను వేలితో తడిమి, మళ్లీ తుడిచి, మళ్లీ చదివిన మనిషి పరిస్థితి ఊహించండి. నమ్మాలనిపిస్తుంది, నమ్మబుద్ధి కాదు. ఛాసిస్ పలకలు మార్చి మోసం చేసేవాళ్లు ఏ దేశంలోనైనా ఉంటారు. ఒక్క సంఖ్య చాలదు. బండి ఒళ్లంతా సాక్ష్యం చెప్పాలి.

చెప్పింది కూడా. లైను మీద దిగిన బళ్లకు ఉక్కు బానెట్ వస్తే, ఈ తొలి బండికి అల్యూమినియం బానెట్. అయస్కాంతం పెడితే అతుక్కోదు. చేత్తో కూర్చిన రోజుల్లో మాత్రమే ఉండి, తర్వాత వదిలేసిన గుర్తులు ఇలాంటివే. ఛాసిస్ అసలుదే, ఇంజిన్ అసలుదే, యాక్సిల్స్ అసలువే. పైపైన ఎన్ని మారినా లోపలి బండి అలాగే ఉంది.

తర్వాత దాన్ని పాత రూపానికి తేవడానికి ఆరేళ్లు పట్టింది. అన్నేళ్లు ఎందుకో, ఈ తరం రేంజ్ రోవర్‌ను ఒక్కసారైనా విప్పిన మెకానిక్ ఎవరైనా చెబుతాడు. ఈ బండి పైకి ఎంత బాగుందో చూసి కొనేవాడు మోసపోతాడు. పై రేకు అల్యూమినియం కాబట్టి తుప్పు పట్టినట్టు కనపడదు. లోపలి అస్థిపంజరం ఉక్కు. రెండు లోహాలు తగిలిన చోట తేమ చేరితే అల్యూమినియం తినుకుపోతుంది. రంగు బుడగలు బుడగలుగా లేస్తుంది. చక్రం మీది రెక్క విప్పి చూస్తే లోపలి రేకు చేత్తో నొక్కితే పొడి అవుతుంది. కాళ్లు పెట్టుకునే చోట, తలుపుల కింది పట్టీల్లో, వెనక డిక్కీ తలుపులో తుప్పు ఖాయం. డిక్కీ తలుపు రెండు ముక్కలు, పైది ఎత్తాలి, కిందిది దించాలి. దించినది బల్లలా కూర్చోవడానికి బాగుంటుంది. రెండూ ఉక్కువే. ఇంగ్లండు వానలకు అవి నిలిచిన దాఖలా తక్కువ.

ఒక మంచి మాట కూడా ఉంది. పై రేకులు బోల్టులతో బిగించినవి. బండి బరువు మోసేది వాటి కింది అస్థిపంజరం. అందువల్ల ఒక్కొక్క రేకూ విప్పి, అంకె వేసి పక్కన పెట్టి, కింది ఉక్కును కోసి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, మళ్లీ బిగించవచ్చు. చెప్పినంత తేలిక కాదు. చేత్తో కూర్చిన బండికి కొలతలు చేతివే. కొత్త రేకు సరిగ్గా కూర్చోదు. తలుపుకు, రెక్కకు మధ్య సందు పైన వేలు పట్టేంత ఉంటే కింద గోరు పట్టదు. ఆ సందును సమం చేస్తే బండి అందంగా ఉంటుంది గానీ అసలుది కాకుండా పోతుంది. అలాగే వదిలితే చూసినవాళ్లు పనితనం లేదంటారు. రిస్టోరేషన్ చేసేవాడి ఆరేళ్లలో సగం ఇలాంటి తగువులకే పోతాయి.

ఇంజిన్ విప్పితే కామ్‌షాఫ్ట్ అరిగిపోయి ఉండటం ఈ ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లలో మామూలు. నూనె వేళకు మార్చకపోతే లోపల నల్లటి జిగురు పేరుకుని ముందు పోయేది అదే. రెండు స్ట్రాంబర్గ్ కార్బురేటర్లను ఒకదానితో ఒకటి కుదిర్చే పనికి యంత్రం కంటే చెవి ముఖ్యం. నాలుగు గేర్లు, హై–లో మార్చే పెట్టె అన్నీ ఒకే పోతలో ఉన్న గేర్‌బాక్స్‌ను కిందికి దించడం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు, అంత బరువు.

రంగు దగ్గరే అసలు చిక్కు. డ్యాష్‌బోర్డు వెనక, తలుపు హింజ్ కింద, రబ్బరు అంచుల అడుగున తర్వాతి పెయింటర్ల స్ప్రే చేరని చోట్లుంటాయి. అక్కడ పాత రంగు దొరుకుతుంది. దాన్ని పట్టుకుని మొత్తం బండికి ఆ రంగే వేయాలా? వేస్తే బహామా గోల్డ్‌లో బతికిన ఏళ్లన్నీ చెరిగిపోతాయి. అవీ ఈ బండి ఏళ్లే. బంగారు రంగులో దాన్ని ప్రేమించినవాళ్లూ ఉన్నారు. ఈ మాట అనేవాళ్లు పాత కార్ల లోకంలో చాలామందే ఉన్నారు, వాళ్ల వాదన గట్టిది. ఎక్కడ పడితే అక్కడ మెరుగులు దిద్ది, నలభై ఏళ్ల బండిని నిన్న దిగినట్టు చేయడం నాకూ నచ్చదు. డారియెన్ అడవి దాటిన బండి గీతలు తుడిచేస్తానంటే నేనే అడ్డం పడతాను. ఆ గీతలే దాని చరిత్ర.

కానీ ఒకటో నంబరు సంగతి వేరు. అది ప్రసిద్ధమైంది చేసిన ప్రయాణాల వల్ల కాదు, పుట్టుక వల్ల. ఒక కొత్త రకం బండి ఎలా మొదలైందో చూడాలంటే లోకంలో ఉన్న మొదటి ప్రతి ఇదొక్కటే. బంగారు రంగు రేంజ్ రోవర్లు వేలున్నాయి. 1970 జనవరిలో ఉన్నట్టున్న ఒకటో నంబరు మరొకటి ఉండదు. అందుకే ఆలివ్ ఆకుపచ్చకే వెళ్లాలన్న నిర్ణయం సరైనదని నా నమ్మకం. రంగుతో పాటు మొదటి తరహా డ్యాష్‌బోర్డు, సీట్లు తిరిగొచ్చాయి. పోయిన నంబరు వైవీబీ 151హెచ్ కూడా మళ్లీ బండికెక్కింది.

ఆ నంబరు విషయంలో బ్రిటన్ రవాణా శాఖ చాలా ఏళ్లు పాటించిన పద్ధతి చెప్పుకోదగ్గది. ఎంత మార్చిన బండి ఇంకా అదే బండి అన్న ప్రశ్నకు వాళ్లు మార్కులు వేశారు. మార్చని అసలు ఛాసిస్‌కు ఐదు. సస్పెన్షన్‌కు, యాక్సిల్స్‌కు, గేర్‌బాక్స్‌కు, స్టీరింగ్‌కు రెండేసి. ఇంజిన్‌కు ఒక్కటే. బాగా మార్పులు చేసిన బండి పాత గుర్తింపు నిలుపుకోవాలంటే ఎనిమిది రావాల్సి ఉండేది, అందులో ఛాసిస్ ఐదూ ఉండి తీరాల్సి వచ్చేది. ఎంత గొప్ప ఇంజిన్ అయినా విలువ ఒక్క మార్కు. ఎవరూ చూడని ఛాసిస్‌కు ఐదు. ఒకటో నంబరును ఇన్నేళ్లూ కాపాడింది ఆ ఛాసిసే కాబట్టి, ఈ లెక్క వేసినవాళ్లకు బళ్ల సంగతి బాగా తెలుసని ఒప్పుకోవాలి.

2014 సెప్టెంబరులో లండన్‌లో జరిగిన సలోన్ ప్రివే వేడుకలో ఆకుపచ్చ బండి వేలానికి వచ్చింది. 1,32,250 పౌండ్లు పలికింది. పుట్టినప్పుడు దాని తోటి బళ్ల షోరూం ధరకు 66 రెట్లు. మూడేళ్లకు, 2017లో, రేంజ్ రోవర్లు తయారుచేసే ల్యాండ్ రోవర్ కంపెనీయే పాత రెండు తలుపుల రేంజ్ రోవర్లను వెతికి కొని, తన సొంత వర్క్‌షాప్‌లో పునరుద్ధరించి 1,35,000 పౌండ్ల నుంచి అమ్ముతామని ప్రకటించింది. తొలి విడతకు పదే బళ్లు. ఒకప్పుడు పరీక్షలు కాగానే అమ్మేసుకున్న కంపెనీకి వాటి విలువ తెలియడానికి అంతకాలం పట్టింది. అప్పటికి ఆ కంపెనీ యజమాని టాటా మోటార్స్, 2008 నుంచి.

ఎంత మార్చిన బండి ఇంకా అదే బండి అన్న ప్రశ్న ఇప్పుడు మన రవాణా ఆఫీసుల్లోకీ వచ్చింది. 2021 జూలైలో కేంద్రం వింటేజ్ బళ్లకు కొత్త నిబంధనలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి యాభై ఏళ్లు దాటిన బండికి వీఏ అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్తగా రిజిస్టర్ చేసుకుంటే 20 వేల రూపాయలు, పదేళ్ల గడువు. ర్యాలీలు, ప్రదర్శనలు, పరిశోధన, పెట్రోలు, మరమ్మతుల కోసం తప్ప రోజువారీగా రోడ్డెక్కకూడదు. మంచి నిబంధనలే. అందులో ఒక షరతు మాత్రం నన్ను ఆపింది. బండి అసలు రూపంలోనే ఉండాలి, ఛాసిస్, ఒళ్లు, ఇంజిన్‌లలో మార్పుల వంటి భారీ ఓవర్‌హాల్ జరిగి ఉండకూడదు.

ఒకటో నంబరు బండి మన తనిఖీ కమిటీ ముందుకు వచ్చిందనుకుందాం. ఛాసిస్ అసలుది, ఇంజిన్ అసలుది. కానీ రూపం రెండుసార్లు మారింది, ఒకసారి కొత్తదనం కోసం, ఒకసారి పాతదనం కోసం. ఆరేళ్ల పనిని ఓవర్‌హాల్ కాదనగలమా? నిబంధనను అక్షరాలా చదివితే కమిటీ తిప్పి పంపవచ్చు. తాతల కాలం విల్లీస్ జీపును పాడుబడిన కొట్టంలోంచి తీసి, రేకు రేకూ సరిచేయించుకుంటున్న కుర్రాళ్లు మన జిల్లాల్లో ఉన్నారు. వాళ్లకూ ఇదే చిక్కు. సరిచేయకపోతే బండి నిలవదు, సరిచేస్తే అసలుది కాదంటారేమో. బ్రిటన్ వాళ్లలా మనమూ ఛాసిస్‌కు ఇన్ని, యాక్సిల్‌కు ఇన్ని అని మార్కులు రాసిపెట్టుకుంటే, ఏ ముక్క మార్చవచ్చో ఏది ముట్టకూడదో షెడ్డులో పని మొదలుకాక ముందే ఆ కుర్రాళ్లకు తెలిసిపోతుంది.